పావు చుట్టు

పొద్దున్నే లేచి ఉల్లిపాయల సంచీ మూతి బిగించి మేకుకి తగిలించడం ఆ ఇంట్లో అమ్మ చేసే మొదటి పని. నిమ్మకాయలు మూతున్న డబ్బాలోకి, టీ గ్లాసులు అంచులున్న పళ్ళెంలోకి వెళ్ళాక గానీ ఆవిడ మొహం కడుక్కోదు. కింద షెడ్డులో కూడా అంతే. నట్లు, వాషర్లు, బేరింగు గుండ్లు అన్నిటికీ మూతలే.

ఆ ఇంట్లో గుండ్రటి వస్తువు ఏదైనా సరే, ఎవరి మనసు కుదురుగా లేకపోతే వాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ పోయేది. నేల వాలుగా ఉందేమో అనుకునేరు, అదేం కాదు. రసమట్టం పెట్టి చూసినవాళ్ళున్నారు. కొన్ని ఇళ్ళలో తలుపులు బిగుసుకుంటాయి, కొన్ని ఇళ్ళలో కుళాయిలు కారతాయి, ఇక్కడ ఇది, అంతే. షెడ్డు నడిపే మేస్త్రీకి అది బాగానే పనికొచ్చేది కూడా. "నేనేం చెయ్యలేదండీ, బండి దానంతటదే ఆగిపోయింది" అని ఎవరైనా చెబుతుంటే, వాషరొకటి టకటకా వెళ్ళి ఆ మనిషి బూటుకి ఆనుకునేది. మేస్త్రీ దాన్ని తీసి జేబులో వేసుకుని, "ఆయిల్ మార్చి ఎన్నాళ్ళైంది బాబూ?" అని మర్యాదగా అడిగేవాడు.

మూడు రోజులుగా అన్నీ ఆయన కూతురి వైపే దొర్లుతున్నాయి.

ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పదహారేళ్ళుగా తండ్రి పక్కనే స్పానర్ పట్టి పనిచేస్తోంది కాబట్టి వీధంతా ఆవిడని చిన్నమేస్త్రీ అనే పిలుస్తారు. ఆ రోజు పొద్దున్న ఆవిడ కాలుగాలిన పిల్లిలా షెడ్డులో అటూ ఇటూ తిరుగుతోంది. వెనకే రెండు వాషర్లు, ఒక బేరింగు గుండు, పైనుంచి మెట్లమీదుగా దిగొచ్చిన ఉల్లిపాయ ఒకటి తిరుగుతున్నాయి.

"ఏంటే నీ సంగతి?" అని పైనుంచి అమ్మ అరిచింది. "మేకుకి తగిలించిన సంచీలోంచి కూడా దూకుతున్నాయి! ఇలాగైతే వంటెలా చేసుకోవాలి నేను?"

"ఏం లేదమ్మా. నర్సమ్మగారి బండి ఇవాళ ఇచ్చెయ్యాలి కదా, అదే."

ఆ మాటకి బల్లమీదున్న ఇంకో నట్టు కూడా ఆవిడ వైపు కదిలింది.

బల్లమీద ఉన్నది, గుట్టమీది ఊళ్ళకి వెళ్ళి కాన్పులు చేసే నర్సమ్మగారి కారు టర్బో. చూడ్డానికి నత్తగుల్లలా ఉంటుంది. లోపల ఒకే ఇరుసుకి రెండు చిన్న పంకాలు. ఇంజిన్ వదిలే పొగ ఒకదాన్ని తిప్పితే, రెండోది ఇంజిన్‌లోకి గాలి ఒత్తి పంపుతుంది. ఆ గాలి ఉంటేనే బండి గుట్ట ఎక్కుతుంది. ఇరుసు తిరిగే వేగానికి దాన్ని కాపాడేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ కాసేపు అందకపోయిందా, పని అయిపోయినట్టే.

అయిపోయింది కూడా. నెలన్నర కిందట మేస్త్రీ ఒక్కడే కూర్చుని విప్పి, కడిగి, కొత్త బేరింగులు వేసి బిగించిన టర్బో, మూడు రోజుల కిందట గుట్ట సగంలో ఈలవేసి చచ్చిపోయింది. నర్సమ్మ బండి వదిలేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని గంటసేపు ఎక్కింది. ఆవిడ చేరేసరికి బిడ్డ పుట్టేసింది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు గానీ, అది అదృష్టమని నర్సమ్మే అంది. మేస్త్రీని ఒక్క మాట కూడా అనలేదు. వెళ్తూ వెళ్తూ చిన్నమేస్త్రీతో, "నాన్నగారికి కళ్ళు కాస్త మందగించాయేమో అమ్మా" అని మెల్లగా అంది. ఆ మాట మేస్త్రీ విన్నాడు.

అప్పుడు ఆయన విప్పిన టర్బో దగ్గరికొచ్చి ఇరుసు చూశాడు. వేడికి నీలం తేలి ఉంది. పంకా రెక్కలు గుల్లకి ఒరుసుకుని నలిగిపోయాయి. "ఆయిల్ అందలేదు. పైపు సరిగ్గా కడిగి ఉండను" అన్నాడు. చేతులు తుడుచుకుని పైకెళ్ళి, మళ్ళీ షెడ్డులోకి దిగలేదు. తన సామాను పెట్టె పక్క షాపు వెల్డింగ్ మావయ్యకి ఇచ్చేస్తానని ఆ రాత్రే చెప్పేశాడు. మావయ్య అంటే అమ్మ తమ్ముడే.

ఈ మూడు రోజుల్లో ఆయన వైపు ఒక్క వాషర్ కూడా దొర్లలేదు. నిర్ణయం తీసేసుకున్న మనిషి దగ్గర వాటికేం పని?

కూతురికి మాత్రం నిజం తెలుసు. పైపు మూతిలో ఆవిడకి దొరికింది మెంతిగింజంత ఎర్రటి ముక్క. ఆయిల్ కారకుండా అతుకులకి రాసే గ్యాస్కెట్ పేస్ట్, ఎండి రాయైపోయింది. ఆయిల్ కన్నంలో సరిగ్గా అడ్డం పడింది. ఆయిల్ దారిలో పేస్ట్ పెట్టకూడదు, నొక్కినప్పుడు లోపలికి ఉబ్బిన పేస్ట్ ఊడి కన్నం మూసేస్తుంది. ఈ మాట ఆయన ఆవిడకి వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆయన పెట్టలేదు. ఆవిడ పెట్టింది.

ఏడాదిగా ఆవిడకో అలవాటుంది. తండ్రి పని ముగించి భోజనానికి పైకెళ్ళగానే స్పానర్ తీసుకుని, ఆయన బిగించినవన్నీ మళ్ళీ చూసేది. ఒకటో రెండో కాస్త వదులుగా ఉండేవి, బిగించేసేది. ఆయనకి తెలిసేది కాదు. ఏడాదిపాటు ఒక్క వాషర్ కూడా ఆవిడ వైపు కదల్లేదు. తప్పు చేస్తున్నానని అనుకుంటే కదా! ఆ రోజు టర్బో ఆయిల్ పైపు విప్పి చూస్తే అతుకు మధ్య వేసే గ్యాస్కెట్ రేకు పల్చగా అనిపించింది. కారితే మళ్ళీ నాన్నకే మాట వస్తుందని, ఎందుకైనా మంచిదని, రెండు వైపులా పేస్ట్ రాసి బిగించింది.

ఇప్పుడు నోరు విప్పాలంటే ఏడాది సంగతంతా చెప్పాలి. చెప్పకపోతే పెట్టె వెళ్ళిపోతుంది. ఆ ఎర్ర ముక్కని ఈపాటికి మూడుసార్లు చెత్తడబ్బాలో పారేసింది. మూడుసార్లూ అది దొర్లుకుంటూ వచ్చి చెప్పు పక్కన నిలబడింది.

టర్బో మాత్రం సిద్ధం చేసింది. కొత్త ఇరుసు, పంకాలు బ్యాలెన్స్ చేయించి తెచ్చింది, గుల్ల గీతలు నున్నగా చేసింది, విరిగిన రెక్కల ముక్కలు గాలి పైపుల్లో ఎక్కడా మిగలకుండా కడిగింది. బండికి బిగించడమే తరువాయి. అక్కడే ఆగింది. స్పానర్ పట్టుకుంటుంది, పెట్టేస్తుంది. నీళ్ళు తాగుతుంది. మళ్ళీ పట్టుకుంటుంది.

పదకొండింటికి వెల్డింగ్ మావయ్య వచ్చాడు. మేస్త్రీ పెట్టె మోసుకుంటూ మెట్లు దిగాడు.

"బావా, ఇంకోసారి ఆలోచించు" అన్నాడు మావయ్య. "కావాలంటే కళ్ళజోడు మార్పించుకో. దానికి సన్యాసం ఎందుకు?"

"ఆలోచించేదేం లేదురా. నా చేత్తో ఒక తల్లి ప్రాణం మీదికి తెచ్చాను. చాలదూ? ఇందులో ఏమేం ఉన్నాయో చూసుకుని తీసుకెళ్ళు."

మేస్త్రీ పెట్టె బల్లమీద పెట్టి మూత తెరిచాడు. నలభై ఏళ్ళ సామాను. బోల్టులు తిప్పే గుండ్రటి సాకెట్లు అరిగి మెరుస్తూ వరసగా ఉన్నాయి. ఆయన మొదటిది తీసి మావయ్య చేతిలో పెట్టబోయాడు. అది ఆయన వేళ్ళలోంచి జారి కిందపడి, చిన్నమేస్త్రీ వైపు దొర్లింది. వెనకే పెట్టెలోంచి రెండోది దూకింది. మూడోది. ఆ తర్వాత ఇక లెక్కలేదు, చిన్నవీ పెద్దవీ పెట్టెడు సాకెట్లూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్ళి ఆవిడ పాదాల చుట్టూ గుమిగూడాయి.

మావయ్య చేతులు కట్టుకున్నాడు. "ఇవి నాతో రావు బావా. ఇంకెవరితోనో పనుంది వీటికి."

మేస్త్రీ ఆ కుప్పని చూశాడు, కూతుర్ని చూశాడు. "సామాను పోగొట్టుకుంటున్నది నేను. నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. నీకేంటే అంత?"

ఇక ఆగలేకపోయింది ఆవిడ. జేబులోంచి ఎర్ర ముక్క తీసి బల్లమీద పెట్టింది.

"నాన్నా, పైపు నువ్వు శుభ్రంగానే కడిగావు. పేస్ట్ పెట్టింది నేను."

"నువ్వెప్పుడు పెట్టావు? బిగించింది నేను కదా."

"నువ్వు భోజనానికి వెళ్ళాక విప్పాను."

"ఎందుకు విప్పావు?"

ఆవిడ బల్లమీది స్పానర్ వైపు చూసింది. ఆయనా దాని వైపే చూశాడు.

"ఆ ఒక్కసారేనా?"

"ఏడాదిగా."

తప్పు తనది కాదన్న మాటకంటే ఈ మాటే ఆయనకి ముందు తగిలింది. స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు. మొహం ఎర్రబడింది. "ఏడాదిగా! నేను పైన తింటుంటే నువ్వు కింద నా పని దిద్దుతున్నావా? నోరుంది కదే నీకు! చెప్పొచ్చు కదా! దీనికంటే నా కళ్ళు పోయాయనుకోవడమే నయంగా ఉంది."

"నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడు బాధపడట్లేదా?"

ఆవిడకి ఏడుపొచ్చేసింది. మావయ్య గోడమీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కాళ్ళ దగ్గరి కుప్పలోంచి ఒక సాకెట్ బయటికొచ్చి, మేస్త్రీ వైపు దొర్లి, ఆయన చెప్పుకి తగిలి ఆగింది. దాని వెనక ఇంకోటి. మూడు రోజుల తర్వాత ఆయన దగ్గరికి వచ్చినవి అవే.

"ఇప్పుడు ఇద్దరికీ మొదలైందా!" పైనుంచి అమ్మ కేక. "సంచీ చిరిగిపోయింది! మీరు తేల్చుకుంటారా, నన్ను దిగమంటారా?"

ఎవరూ జవాబు చెప్పేలోపే నర్సమ్మ గబగబా లోపలికొచ్చింది. నుదుటిమీద చెమట, చేతిలో పెట్టె. "మేస్త్రీ గారూ, బండి ఎంతవరకూ వచ్చింది? గుట్టమీద ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. మొదటి కాన్పు కాబట్టి సాయంత్రం దాకా పడుతుందేమో గానీ, నేను ముందే ఉండాలి."

సాకెట్లన్నీ ఒక్క క్షణం తికమకపడి, సగం నర్సమ్మ వైపు తిరిగాయి. మేస్త్రీ వాటిని చూశాడు. లేచి, చొక్కా చేతులు మడిచాడు.

"కూర్చోండమ్మా. గంటలో ఇస్తాం" అన్నాడు. తర్వాత కూతురి వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. "పదమూడు నంబరు ఇటివ్వు. నీ కాలి దగ్గరుంది."

టర్బో చేతిలోకి తీసుకుని వేలితో పంకా తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇరుసుని పైకీ కిందకీ కదిపి చూసి, "బాగా చేశావు" అన్నాడు, ఇంకా కోపంగానే. ఆయిల్ కన్నంలో కొత్త ఆయిల్ పోసి, వేలితో తిప్పుతూ, కింది నుంచి చుక్క వచ్చేదాకా ఆగాడు. గ్యాస్కెట్ పేస్ట్ లేకుండా పొడిగా వేశాడు. మావయ్య లైటు పట్టుకున్నాడు. కూతురు అందించింది, ఆయన బిగించాడు. ఎప్పటిలాగే పని నడిచింది గానీ, ఎప్పుడూ ఉండే కబుర్లు మాత్రం లేవు.

చివరి బోల్టు బిగించి ఆయన చేతులు తుడుచుకున్నాడు. భోజనం వేళ. కూతురు మెట్ల వైపు చూసింది, ఆయన ఇక పైకెళ్తాడని. ఆయన వెళ్ళలేదు. స్పానర్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"చూడు. నేనుండగా చూడు."

ఆవిడ వంగింది. ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. మొదటిది బాగుంది. రెండోది, మూడోది బాగున్నాయి. నాలుగోది పైపు వెనక, చెయ్యి సరిగ్గా దూరని చోట ఉంది. స్పానర్ ఆవిడ చేతిలో కాస్త కదిలింది.

ఆవిడ అలాగే ఆగిపోయింది. నేలమీద సాకెట్లన్నీ కదలబోయి, ఉన్నచోటే వణుకుతున్నాయి. అన్నీ బాగున్నాయని చెప్పి, చెబుతూనే గుట్టుగా బిగించెయ్యొచ్చు. ఏడాదిగా చేసిందదే.

"నాన్నా, ఇది పావు చుట్టు తక్కువుంది."

మావయ్య లైటు కదలకుండా పట్టుకున్నాడు. నర్సమ్మ తన పెట్టెని గట్టిగా పట్టుకుంది. మేస్త్రీ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. వంగి ఆ బోల్టు వైపు చూశాడు. నిజంగానే కనపడలేదాయనకి.

"పావేనా?"

"పావే."

"అయితే తిప్పు మరి. నా మొహం చూస్తావేం? ఆవిడకి ఆలస్యమవుతోంది."

ఆవిడ తిప్పింది. సాకెట్లు వణకడం మానేశాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరి పెట్టెలో వరసగా పెట్టడం మొదలుపెట్టాడు. కూతురు కూడా పక్కనే కూర్చుని ఏరింది. ఏ ఒక్కటీ ఎవరి వైపూ దొర్లలేదు.

"మరి నా పెట్టె?" అన్నాడు మావయ్య.

"ఏ పెట్టె?" అన్నాడు మేస్త్రీ.

బండి స్టార్టయింది. టర్బో సన్నగా ఈల అందుకుంది. నర్సమ్మ చెయ్యి ఊపి, గేరు మార్చి, గుట్ట రోడ్డెక్కింది. తండ్రీ కూతురూ గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు సన్నగిల్లిపోయేదాకా విన్నారు. బల్లకింద ఎక్కడో మిగిలిన వాషరొకటి వాళ్ళిద్దరి కాళ్ళ మధ్యనుంచి బయటికొచ్చి, వీధి దాటి, నర్సమ్మ వెనకాలే ఎత్తుమీదికి దొర్లుకుంటూ వెళ్ళింది.

"పట్టుకోనా?" అంది కూతురు.

"వద్దులే, వెళ్ళనీ. బిడ్డ పుట్టేదాకా అక్కడుంటే ఏం పోయింది" అన్నాడు మేస్త్రీ. "పద, అన్నం తిందాం."