లియావ్ ఆంటీ హోటల్ పరిరక్షణ సమితి

కేతకి భర్త నిరుపమ్ దత్తగుప్తకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా కనిపెట్టడం. బీమా ఆఫీసులో రిటైరైన నాటినుంచి అది బాగా ముదిరింది. ఇరవయ్యేళ్లుగా తమ మెట్ల కిందే కూర్చుంటున్న చెప్పులు కుట్టే అతన్ని మొన్న ఎండాకాలంలో కనిపెట్టాడు. భార్యను ఇంకా కనిపెట్టలేదు. తన వంతు ఎప్పుడొస్తుందా అని కేతకి ఎదురుచూడటం మానేసి చాలాకాలమైంది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం అతను గొడుగు దులుపుకుంటూ గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"కేతకీ! మన వెనకసందులో చైనా హోటల్ ఉంది! బోర్డు లేదు, మెనూ లేదు, నాలుగే బల్లలు. బౌబజార్లో పుట్టి పెరిగిన నాకే తెలీదు!"

"అలాగా," అంది కేతకి పొట్లకాయ తరుగుతూ.

ఆ హోటల్లో ఆవిడ ఆరేళ్లుగా ప్రతి బుధవారం తింటోంది. బుధవారాలు నిరుపమ్ భోజనం శ్యామ్‌బజార్లో అక్కగారింట్లో. పన్నెండున్నరకి కేతకి తాళం వేసి సందు తిరిగేది. హోటల్ నడిపే లియావ్ ఆంటీ ఏం కావాలని అడిగేది కాదు. పొద్దున బజార్లో ఏది బాగుంటే అదే ఆ పూట వంట. ఆవాకు వేసిన అన్నమో, చేప ఉండల సూపో ముందు పెట్టేది. వారం మొత్తంలో కేతకి వండకుండా, వడ్డించకుండా, గిన్నె కడగకుండా తినే భోజనం అదొక్కటే. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆయన కూడా వస్తాడు. వస్తే ఆయనకు వడ్డించాలి.

"పాపం, పావు తక్కువ రెండుకి వెళ్తే ఈగ లేదు," అన్నాడు నిరుపమ్. "చచ్చిపోతోంది ఆ హోటల్. ఏదో ఒకటి చెయ్యాలి."

ఆంటీ పన్నెండుకి తెరిచి రెండుకి మూసేది. చెప్పుల షాపుల చైనా ముసలివాళ్లు, ప్రెస్సు పనివాళ్లు వచ్చి పావుగంటలో తిని లేచేవారు. లేచిన కుర్చీలో వేడి చల్లారకముందే ఇంకొకరు కూర్చునేవారు. నాలుగు బల్లలతో ఆంటీ బతకడంలో కిటుకంతా అదే. ఒకటిన్నరకి గాని ఆకలి గుర్తురాని నిరుపమ్‌లాంటి బాబులకు ఆ సందడి కనిపించేది కాదు.

వారం తిరక్కుండా సమితి వెలిసింది. నిరుపమ్ కార్యదర్శి. ఉపాధ్యక్షులు ఇద్దరు, ఒక్కరినే పెడితే రెండోవాడు అలుగుతాడు కాబట్టి. సమస్యను దగ్గరుండి పరిశీలించాలని సమావేశాలు హోటల్లోనే పెట్టారు, రోజూ పన్నెండు గంటలకు. ఎనిమిదిమంది నాలుగు బల్లలూ కలిపి కూర్చుని ఆంటీ పోసిన ఉచిత టీ తాగేవారు. హోటల్‌కి కొత్తగా పెట్టించబోయే బోర్డు మీద డ్రాగన్ ఉండాలా వద్దా అని పదకొండు రోజులు వాదించారు. భోజనం మాత్రం ఇంటికెళ్లి చేసేవారు.

ఈ పని కోసం నిరుపమ్ అక్కగారింటి బుధవారం కూడా వదులుకున్నాడు. త్యాగం!

ఆ బుధవారం అతను అలా వెళ్లగానే, అక్కడేం జరుగుతోందో చూద్దామని కేతకి కూడా వెనకసందులోకి వెళ్లింది. గుమ్మం బయట చెప్పుల షాపు ముసలాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపు చూసి వెళ్లిపోయాడు.

"రా కేతకీ! నేను చెప్పలా, ఇదే!" అని లోపలినుంచి నిరుపమ్ చేయి ఊపాడు.

"పొయ్యి ఆర్పానో లేదో," అని ఆవిడ వెనుదిరిగింది. పొయ్యి అసలు వెలిగించనేలేదు.

ఆ రాత్రి అంది: "పన్నెండుకి అక్కడ జనం తినాలి కదా. మీ మీటింగు సాయంత్రం పెట్టుకోకూడదూ?"

"హోటల్ వ్యాపారం గురించి నీకేం తెలుసు?"

ఆరేళ్ల సంగతి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

కేతకి మర్నాడు కూరల బజార్లో ఆంటీ చేయి పట్టుకుంది. "వాళ్లని లేచి వెళ్లమని చెప్పెయ్యి ఆంటీ. మా ఆయన సంగతి నేను చూసుకుంటా."

"ఎలా చెప్పను అమ్మాయ్? పెద్దవాళ్లు. నా కోసమే వచ్చామంటున్నారు. గుమ్మం దాటి వచ్చినవాళ్లను లేవమనడం మా ఇంట్లో లేదు," అంది ఆంటీ. ఆవిడ సంచీలో రెండే కట్టల ఆవాకు ఉంది. మునుపు పది ఉండేవి.

దుర్గాపూజల ముందు హోటల్ మూతపడింది. ముసలివాళ్లు వేరే చోటు చూసుకున్నారు. ఊరి చివర ట్యాంగ్రాలో ఆడపడుచు ఇంటి మెట్ల కింద గది ఖాళీగా ఉందట, ఆంటీ మూటాముల్లె సర్దుకుని అక్కడికి వెళ్లింది. సమితి సంతాప తీర్మానం చేసింది.

"మునిసిపాలిటీ చేతగానితనం," అన్నాడు నిరుపమ్ అన్నం ముందు కూర్చుని. "పైగా ఈ వానలు. బెంగాలీలకు ఐకమత్యం కూడా లేదు."

"ఆరేళ్లు ప్రతి బుధవారం నేను అక్కడే తిన్నాను," అంది కేతకి.

అతని చేయి కంచంలోనే ఆగిపోయింది. "నువ్వా?"

"పన్నెండున్నరకి వెళ్తే కూర్చోడానికి చోటు దొరకనంత జనం ఉండేవారు. మీరొచ్చేదాకా."

ఇంకో ఉపన్యాసం వస్తుందని ఆవిడ పప్పు గిన్నె దగ్గరికి జరిపింది. రేపు బుధవారం. అన్నం ఇక్కడే వండాలి, ఇక్కడే తినాలి. ఆ తర్వాతి బుధవారమూ అంతే.

నిరుపమ్ కంచం పక్కకి జరిపి, తల దించుకుని అన్నాడు: "నేనే ముంచాను కేతకీ. తప్పు నాదే."