కట్టమ్మ తలనీలాలు

నా భార్య కట్టమ్మ చావుకు కారణం ఆమె తమ్ముడు గట్టయ్య. ఇందులో వాదనకు ఏమీ లేదు.

కట్టమ్మ జుట్టు నడుము దాటి మోకాళ్లకు దిగేది. పెళ్లయిన కొత్తలో హసన్‌పర్తిలో తలంటుకుని, నులక మంచం మీద వెల్లకిలా పడుకుని జుట్టును పట్టె మీదుగా వదిలేది. కింద నిప్పుల మీద సాంబ్రాణి. నేను మిరప చేనుకు పోవలసినవాణ్ణి, పోకుండా అక్కడే నిలబడేవాణ్ణి.

"చేను నడుసుకుంట నీ కాడికొస్తదా ఏందయ్యా? పో!" అని నవ్వేది. అంత హాయి నేను మళ్లీ ఎరగను.

ఎనభై నాలుగులో ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కడుపు ఉబ్బింది. పళ్లు తోముకుంటే నెత్తురు. వరంగల్ దవాఖానలో డాక్టర్ రాజేశ్వర్ రావు గారు పరీక్షలు చేయించి నన్నూ గట్టయ్యనూ ఎదురుగా కూర్చోబెట్టారు.

"లివర్ గట్టిపడ్డది మొగిలయ్యా. నెత్తురు గడ్డకట్టాలంటే ప్లేట్‌లెట్లని కణాలుండాలె. లక్షన్నర ఉండేటివి ఈమెకు ఇరవై వేలే ఉన్నయి. చిన్న గాటు పడ్డా ఆగది. కత్తి, బ్లేడు దగ్గరికి రానీయద్దు. పన్ను గూడ పీకించద్దు."

"మల్ల పెరగయా సారూ?" అని అడిగాను.

"లివర్ మార్చినోళ్లకు పెరుగుతున్నయట. ఆ ఆపరేషన్ బయటి దేశాలల్లనే, మన దగ్గర లేదు. పైలంగ ఉంటె కొన్నేండ్లు నడుస్తది."

కొన్నేండ్లు. నాకు అది చాలు.

మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు పోయి, తూకం కాక రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి కట్టమ్మ దవాఖానలో ఉంది. గుండు. దానికి చుట్టిన తువ్వాల తడిసి ఎర్రగా ఉంది. గట్టయ్య ఆమెను పాలకుర్తి గుట్ట మీది గుడికి తీసుకుపోయి తలనీలాలు ఇప్పించాడు. చెవి వెనుక కత్తి గీరుకుంది. పసుపు అద్దినా ఆగలేదు.

"డాక్టర్ చెప్పింది నీ చెవులకెక్కలేదారా?"

"దేవుని కాడి కత్తి గద బావా, ఏం గాదనుకున్న. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నీ పానం కోసం మొక్కిందట. తీర్చకుంట పోతె నీకు తగుల్తదని అక్కనే పట్టువట్టింది."

కట్టమ్మ కళ్లు తెరిచింది. "వాన్ని తిట్టకయ్యా. నేనే గుంజుకపోయిన. గుండు మంచిగున్నదా?"

"లేదు" అన్నాను.

ఆ తర్వాత ఆమెకు తెలివి లేదు. మూడో నాడు నెత్తురు కక్కుకుని పోయింది. గాటుతో కాదు, కడుపులో నరం పగిలిందని డాక్టర్ గారన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఏటా ఆమె సంవత్సరీకం నాడు గట్టయ్య వస్తాడు. "ఒక్క మాట మాట్లాడు బావా" అంటాడు. అన్నం పెడతాను. మాట్లాడను. గుండు కొట్టించినందుకైతే ఏదో ఒకనాడు క్షమించేవాణ్ణేమో. ఆ మొక్కు నా కోసమని వాడు నాకు చెప్పకుండా ఉండవలసింది.

ఒకసారి రాశాను. ఇక నేను బతికినన్నాళ్లు ఈ సంగతి నా నోట రాదు.