తప్పు ఎవరిదో రాసే చోటు

కోడలు మూడు రోజులుగా కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదని, పక్కగదిలో కుట్టుమిషను తొక్కుతున్న అత్తగారు గమనిస్తూనే ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌లో, ప్రింటర్లను నడిపించే చిన్న భాగం కోడలి బాధ్యత. పాత ప్రింటర్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని ముక్కూముఖం తెలియనివాళ్ళెవరో రాశారు. అంతే, ఈవిడగారికి తిండి సయించడం లేదు.

అత్తగారు ఇక ఉండబట్టలేక లేచొచ్చింది. "దొరికిందా ఆ మాయదారి తప్పు?"

"దొరికింది అత్తయ్యా. ప్రోగ్రాములో ఒక్క గుర్తు ఎక్కువ పడింది. తీసేశాను."

"ఒక్క గుర్తుకి మూడు రోజులా!" అంది గానీ, ఒక్క కుట్టు తప్పితే కోటంతా విప్పిన చేతులే ఆవిడవీ. "మరి ఇంకా ఏం రాస్తున్నావ్?"

"ఎప్పుడు చేసిన ఏ మార్పుతో చెడిందో కూడా చెప్పాలి. అది మా పద్ధతి."

"ఎవరిదట ఆ నిర్వాకం?"

"నాదే. ఆరేళ్ళ కిందటిది."

కోడలు నవ్వుతూ ఆ సంగతి రాసి, కింద తన పేరు పెట్టి, లోకమంతా చదివేలా పంపించేసింది.

అత్తగారు నోరెళ్ళబెట్టింది. ముప్పయ్యేళ్ళుగా తను కుట్టిన బట్టల్లో ఏ చెయ్యి పొట్టైనా "బట్ట కుంచించుకుపోయిందండీ" అని తప్పించుకున్న మనిషి. నిన్న కోటు చేతులు పొట్టయ్యాయని వచ్చిన ప్లీడరుగారినీ అలాగే సాగనంపింది.

ఫోను తీసింది.

"ప్లీడరుగారూ, ఆ కోటు ఓసారి పట్టుకురండి. బట్ట కుంచించుకుపోలేదు. నేనే పొట్టిగా కత్తిరించాను."