మోటారు పక్క బోనులు

ఆ బుధవారం జాందీరా మూడోసారి ఎలుకల గదిలోకి వెళ్లి, ఏ పనీ చేయకుండానే బయటికి వచ్చింది. తోటల్లో చెరకు ఆకు తగలబెట్టిన మసి కిటికీ అద్దాల మీద పేరుకుంటోంది. పోసుకున్న కాఫీ తాగకుండానే చల్లారిపోయింది.

బ్రెజిల్ చెరకు సీమలోని ఆ ప్రయోగశాలలో పద్నాలుగేళ్లుగా ఎలుకల్ని సాకుతున్నది ఆమే. ప్రొఫెసర్ ఎవాండ్రో గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తెక్కించని మందును సగం ఎలుకలకూ, ఉత్త నూనెను మిగతా సగానికీ ఇచ్చాడు. మందు పడ్డవి, ఎలుకలు మామూలుగా జంకే గోడల్లేని పలక మీదికి బెరుకు లేకుండా నడిచాయి; నూనె పడ్డవి వెనకాడాయి. మందు పడ్డవాటి మెదళ్లలో బెదురు తగ్గించే ఆనందమైడ్ అనే రసాయనమూ ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితం కోసం ఆయన ఆరేళ్లు ఎదురుచూశాడు. శుక్రవారం వ్యాసం పంపేస్తున్నాడు.

ఆగస్టులో పైకప్పు కారితే నూనె ఎలుకల బోనుల్ని అవతలి గోడ వారకు జరిపింది జాందీరాయే. ఆ గోడ వెనక నీళ్ల మోటారుంది. అది తిరగగానే ఆ ఎలుకలన్నీ ఒక్కసారిగా మూలకు ముడుచుకోవడం నిన్ననే ఆమె కంటపడింది. వాటి బెదురు మోటారు పెట్టిందే అయితే, మందు గొప్పతనం ఎంత?

చెబితే ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆయన గదికి వెళ్లి, నిలబడే అంతా చెప్పేసింది.

ఎవాండ్రో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంకెవరికైనా తెలుసా, జాందీరా గారూ?"

"ఎలుకలకి తెలుసు, ప్రొఫెసర్ గారూ."

ఆయన నవ్వలేదు. "ముందే చెప్పుంటే ఏం పోయేది?"

"ముందు నాకూ తెలీదు. తెలిశాక ఒక్క రోజు దాచాను. అదే ఎక్కువైంది."

ఆయన ఎలుకల గదికి వచ్చి మోటారు వేయించి, బోనుల ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. శుక్రవారం వ్యాసం వెళ్లలేదు. ఆయన దగ్గర పనిచేసే విద్యార్థులు వారం పాటు ఆమెతో ముభావంగా ఉన్నారు.

కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టారు. బోనుల్ని కలగలిపి మోటారుకు దూరంగా ఉంచారు. ఏది మందో, ఏది నూనో ఎవరికీ తెలియకుండా సీసాలకు అంకెలు వేశారు. ఆ నాలుగు నెలలూ జాందీరాకు కాలు నిలవలేదు. ఏమీ తేలకపోతే ఆ మనిషి ఆరేళ్లూ తన చేతుల మీదుగానే మట్టిలో కలిసినట్టు.

మార్చిలో ఫలితం వచ్చింది.

"మందుకూ నూనెకూ తేడా సగానికి పడిపోయింది," అన్నాడాయన.

"ఉంది కదా?"

"ఉంది."

మోటారు సంగతి కూడా దాచకుండా రాసి, వ్యాసం ముందుగా ఆమెకే ఇచ్చాడు. జాందీరా నిలబడే చదివింది. మూడో పేజీలో ఒక బోను అంకె తప్పు పడింది. పెన్ను అడిగి తీసుకుని దిద్దింది.