మొదటి పది పేజీలు

ఆ గ్రంథాలయంలో ఒక అలవాటుంది. పుస్తకం నచ్చినవాళ్ళు వెనక అట్ట లోపలి జేబులో ఒక చీటీ పెడతారు. తర్వాత చదివినవాళ్ళు దాని కిందే జవాబు రాస్తారు. కుర్రకారు ఎగబడి చదివే జపాన్ లైట్ నవలల అరలో ఉన్న చీటీల్లో సగం, అక్కడ చినిగిన పుస్తకాలు బైండు చేసే అమ్మాయివే. నలుగురిలో నోరు పెగలని మనిషి, చీటీ మీద మాత్రం గలగలా మాట్లాడేది.

"నీ చీటీలన్నీ కలిపి కుడితే ఇంకో నవలవుతుందమ్మాయ్," అని లైబ్రేరియన్ గారు ఏడిపించేవారు.

ఆ సాయంత్రం కుట్లు ఊడిన పుస్తకమొకటి ఆమె బల్ల మీదికొచ్చింది. లారీ గుద్ది చనిపోయిన విద్యార్థిని ఇంకో లోకంలో రాకుమారిగా పుట్టే కథ. అలాంటివి ఆమె యాభై చదివింది. అన్నిటికీ మొదలు అదే కాబట్టి ఆ చావు ఆమె కంటికి చావులాగే ఆనేది కాదు, గుమ్మంలా కనిపించేది. అందుకే కిందటి నెల దీన్ని చదివినప్పుడు చీటీలో ఇలా రాసింది: "మొదటి పది పేజీలు గబగబా దాటేయండి. లారీ వచ్చిపోయాకే అసలు మజా. ఈ లోకం మళ్ళీ గుర్తే రాదు!"

ఇప్పుడు దాని కింద పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: "అక్కా, అక్కడికి వెళ్ళాలంటే లారీయే గుద్దాలా? ఇంకో దారి లేదా?"

ఆమె చేతిలోని జిగురు కుంచె ఒళ్ళో పడింది.

"ఇదెవరు తెచ్చారండీ?"

"పిచ్చుక. దర్జీ కూతురు లేదూ, ఏడో క్లాసు. తల్లి జబ్బుచేసి పోయి ఇంకా ఏడాది కాలేదు పాపం. ఏం, చింపేసిందా?"

"ఎటెళ్ళింది?"

"ఇప్పుడే, పెద్దరోడ్డు వైపు. ఏమైందమ్మా?"

జవాబు చెప్పడానికి ఆగలేదు. గోదాముల నుంచి లారీలు బయల్దేరే వేళ అది. సందులో పరుగెడుతుంటే దూరం నుంచి వినిపించిన ప్రతి హారన్‌కీ ఆమె ఇంకా వేగం పెంచింది. 'ఈ లోకం మళ్ళీ గుర్తే రాదు.' ఎంత ముచ్చటపడి రాసింది ఆ మాట! చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టింది.

పిచ్చుక కాలిబాట అంచున నిలబడి ఉంది. చెప్పుల ముందు భాగం రోడ్డు మీదికి వచ్చి ఉంది. కేక వేస్తే ఉలిక్కిపడి ముందుకు అడుగేస్తుందేమోనని ఆమె నోరు నొక్కుకుంది. మెల్లగా వెనకనుంచి వెళ్ళి మణికట్టు పట్టుకుంది. ఇనుప ఊచల లారీ ఒకటి ఇద్దరి లంగాలనూ విసిరికొడుతూ పోయింది.

"అబ్బా, నొప్పక్కా! ఎవరు నువ్వు?"

"ఆ చీటీ రాసింది నేనే."

పిల్ల మొహం వెలిగింది. "అయితే చెప్పు. అన్ని పుస్తకాల్లోనూ లారీయే ఎందుకు? మా అమ్మ మంచం మీదే పోయింది. జబ్బుతో పోయినవాళ్ళని అక్కడికి రానివ్వరా?"

అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో. ఆమె ఉన్నదే చెప్పింది.

"నాకు తెలీదమ్మా. ఆ కథలు రాసినవాళ్ళు కూడా వెళ్ళి చూసొచ్చిన వాళ్ళు కాదు. కూర్చుని అల్లినవే అన్నీ."

"అల్లినవేనా?"

"అన్నీ." ఆమె ఆ పిల్లను కాలిబాట లోపలికి లాగింది. "నువ్వు కూడా వెళ్దామనుకున్నావా?"

పిచ్చుక చెప్పు కొసతో మట్టి గీరింది. "మొన్న అనుకున్నా. ఇవాళ ఊరికే చూద్దామని వచ్చా."

ఆమె పిల్ల మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పద, మీ నాన్న దగ్గరికి."

"నాన్నకి చెప్పొద్దక్కా! ఏడుస్తాడు."

"ఏడవనీ. చెప్తాను. నేను రాసింది కూడా చెప్తాను."

దర్జీ దుకాణంలో మిషను గడగడా నడుస్తోంది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే ఆమె గడప ఎక్కింది. దర్జీ తలెత్తి ముందు ఆమెను, తర్వాత కూతురి మణికట్టును చూశాడు. చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపాడు.

"ఏం చేసిందండీ మా పిల్ల?"

"తను కాదండీ, నేను," అంది ఆమె.