అమ్మ లేదేటి?

మధ్యాహ్నం పూట మొగుడు ఎర్రన్న పొలంలో ఉండగా, కూర్మమ్మ ఇంట్లో ఒక్కతే చోడి అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, లోపలి గదిలోంచి ఆ మాట వచ్చేది.

"అమ్మ లేదేటి?"

అంతే, ఇంకో మాట ఉండదు. గొంతు మాత్రం పోయిన కూతురు నీలవేణిదే. జ్వరానికి ఎండిపోయి, చివర కాస్త జీరపోయిన గొంతు. దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని చెప్పేవాళ్ళెవరో గానీ, వాళ్ళ ఇళ్ళలో పిల్లలు పోయి ఉండరు. కూర్మమ్మ కూతురు పట్టపగలు, వాకిట్లో కోళ్ళు కూడా నీడకు చేరిన వేళ పిలిచేది. కూర్మమ్మ గిన్నె పక్కకు జరిపి, గది గుమ్మం వైపు తిరిగి రెండు చేతులూ జోడించేది. కన్నకూతురు పిలిస్తే ఏ తల్లయినా దండం పెడుతుందా? ఆమె పెట్టేది. పిలిచేది కూతురు కాదని ఆమె నమ్మకం.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళను మశూచికం పట్టుకుంది. ఆ పేరు మాత్రం ఊళ్ళో ఎవరూ నోటితో అనరు. "ఫలానా వాళ్ళింట్లో తల్లి ఉన్నాది" అంటారు, గొంతు బాగా తగ్గించి. తల్లి ఉన్న ఇంట్లో పోపు వెయ్యరు, తల దువ్వుకోరు, గట్టిగా మాట్లాడుకోరు. తల్లి పోసిన పిల్లను పేరు పెట్టి పిలవరు. ఆ ఒంట్లో ఉన్నది పిల్ల కాదు, ఆవిడే. అందుకని "తల్లీ" అనాలి, కాళ్ళకు మొక్కాలి, చల్లగా వెళ్ళిపొమ్మని బతిమాలుకోవాలి. కూర్మమ్మ ఈ మర్యాదల్లో ఒక్కటీ తప్పలేదు. ఏడేళ్ళ నీలవేణిని వేపాకుల మీద పడుకోబెట్టి, పసుపు నీళ్ళు చల్లుతూ, పిల్ల పేరు పొరపాటున కూడా నోట రాకుండా చూసుకుంది.

అప్పుడే ఊళ్ళోకి టీకాల బాబు దిగాడు. నారాయణమూర్తి అని, బెజవాడ వైపు మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరి ఈ ప్రాంతానికి వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన మీద పుకారు వచ్చింది. తల్లి ఉన్నవాళ్ళను జీపులో వేసుకుపోతారనీ, కన్నవాళ్ళను కూడా దగ్గరకు రానివ్వరనీ. పుకార్లు మొయ్యడంలో ఉన్న ఓపిక ఆ ఊరికి టీకా వేయించుకోవడంలో ఉంటే ఎంత బాగుండేదో. కూర్మమ్మ తలుపు దగ్గరగా వేసి, దాని వెనక నిలబడింది. చెప్పుల చప్పుడు దడి దాటి వచ్చి ఆగింది.

"...తల్లి ఉందా ఇంట్లో?"

ఆమె తలుపును రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఆ ఒక్క మాట తప్ప ముందూ వెనకా ఏమీ వినపడలేదు.

"లేదు బాబూ. ఈ ఇంట తల్లి లేదు. ఎల్లిపో" అంది.

ఆ మనిషి కాసేపు తటపటాయించి వెళ్ళిపోయాడు. అమ్మయ్య అనుకుని ఆమె వెనక్కి తిరిగేసరికి, వేపాకుల మీద పిల్ల కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది.

"అమ్మ లేదేటి?" అంది.

కూర్మమ్మకు అప్పుడు తట్టింది. ఇంట్లో కొలువున్న దేవతను లేదని చెప్పి వాకిట్లోంచి మనిషిని పంపించేసింది! ఆవిడ ఊరుకుంటుందా? పిల్ల నోటితోనే ఎత్తిపొడుస్తోంది. కూర్మమ్మ పిల్ల కాళ్ళ మీద పడిపోయింది.

"తప్పయిపోనాది తల్లీ. నా బుద్ధి గడ్డి తిన్నాది. కోపం సెయ్యకు. సల్లగా ఎల్లిపో తల్లీ, ఎల్లిపో."

పిల్ల మళ్ళీ అదే అడిగింది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ కూర్మమ్మ దండాలు పెట్టి, వెళ్ళిపొమ్మనే వేడుకుంది. మర్నాడు పొద్దు పొడిచేసరికి నీలవేణి వెళ్ళిపోయింది.

అబద్ధమాడిన సంగతి ఆమె ఎర్రన్నకు కూడా చెప్పలేదు. వానలు పడ్డాయి, ఊడ్పులు అయిపోయాయి, ఊళ్ళో తల్లి తగ్గుముఖం పట్టింది. మధ్యాహ్నపు పిలుపు మాత్రం తగ్గలేదు. తన నోటి మాట తన కూతుర్ని చంపిందా? ఈ ఒక్క ప్రశ్న ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. చివరికి తట్టుకోలేక అమ్మవారి పూజారి దాలయ్య దగ్గరకు వెళ్ళింది. దాలయ్య వరసకు ఆమెకు మావ. మాట దురుసు గానీ మనిషి మంచివాడు.

"మావా, ఇంట్లో ఎట్టుకుని లేదన్నాను" అంది.

"ఎవుల్ని?"

"ఆయమ్మని."

దాలయ్య చుట్ట ఆర్పేసి పక్కన పెట్టాడు. "ఓలమ్మో! లేదన్నావు గనకే లేకుండా ఎల్లిపోనాది, గుంటని సంకనెట్టుకుని. అయిపోనాది, మరేటి సేస్తాం. ఆయమ్మ పండక్కి నెత్తిన ఘటం ఎత్తు. తడిబట్టతో గుడి సుట్టూ తిరుగు. ఆయమ్మ సల్లారతాది."

"సల్లారితే పిలుపు ఆగతాదేటి?"

"ఆగతాది. ఎందుకాగదు?" అన్నాడు గానీ, కళ్ళు తుడుచుకున్నాడు. దాలయ్య మనవడు కూడా ఆ వేసవిలోనే పోయాడు. ఏ తప్పూ జరగని ఇంట్లో పిల్లాడు ఎందుకు పోయాడో ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే ఎవరు చెబుతారు కనక?

పండగ ముందు అమ్మవారి చెక్క విగ్రహానికి కొత్త రంగులు వెయ్యడానికి విజయనగరం నుంచి జగన్నాధం వచ్చాడు. గుళ్ళో పని, ఇళ్ళలో వంతులవారీగా భోజనం. పొట్టిగా, మాసిన ధోవతితో, గోళ్ళ నిండా పసుపు రంగూ ఎర్ర రంగూ ఇరుక్కుని, అన్నం కలుపుతుంటే పక్కవాళ్ళకు అనుమానం వచ్చేలా ఉండేవాడు. ఎర్రన్న ఇంటి వంతు వచ్చిన రోజు, తింటూ తింటూ అడిగాడు.

"అమ్మా, ఈ ఏడు మీ ఇంట తల్లి ఉన్నాదంట గదా. ఎలాగ సూసింది?"

అలాంటి మాట ఇంకెవరైనా అడిగి ఉంటే ఎర్రన్న చెయ్యి చేసుకునేవాడే. "బాబూ, పోనాది పోనాది. అన్నం తిను" అన్నాడు.

"ఇగ్రహం మొకం అంతా అయిపోనాది. కళ్ళు కుదర్లేదు" అన్నాడు జగన్నాధం, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "ఎప్పుడూ కోపంగా గీసేస్తాం. నిజంగా కోపమో కాదో సూసినోలు సెప్పాలి గదా."

"కోపమే" అంది కూర్మమ్మ వెంటనే. "నా ఏపే సూసినాది."

"కోపమొస్తే కనుబొమ్మలు దగ్గరికొస్తాయి. ఒచ్చినాయా?"

కూర్మమ్మ ఆ చూపును తప్పించుకోవడానికే ఇన్నాళ్ళూ తంటాలు పడింది తప్ప, దాన్ని తిరిగి చూసుకున్నది లేదు. ఇప్పుడు చూసింది. వేపాకులు, కమిలిపోయిన ముఖం, దాని మధ్య కళ్ళు.

"లేదు. పైకి లేచినాయి" అంది మెల్లగా.

"ఏదీ, సూపించు."

ఆమె చూపించింది. కనుబొమ్మలు పైకెత్తి, పెదాలు కాస్త విడదీసి, తల ఒక పక్కకు వాల్చింది. జగన్నాధం కలిపిన ముద్ద అలాగే వదిలేశాడు. గుమ్మంలో నిలబడి ఉన్న ఎర్రన్న ఒక్కసారిగా తలుపు పట్టుకున్నాడు.

"ఒలే, ఆపు" అన్నాడు. "నీలిలాగున్నావే. అచ్చం నీలిలాగే ఉన్నావే."

కూర్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

"ఇది కోపం కాదమ్మా" అన్నాడు జగన్నాధం చెయ్యి కడుక్కుంటూ.

"మరేటి?"

"నాకూ తెల్దు. తెలిస్తే గియ్యక్కర్లేదు" అని, మిగతా అన్నం తినకుండానే గుడికి వెళ్ళిపోయాడు.

ఆ మాట కూర్మమ్మ గుండెల్లో ముల్లులా దిగింది. కోపం కాకపోతే ఆ చూపు ఏమిటి? పండగ పొద్దున్న బడి అరుగు మీద టీకాల బల్ల వేశారని, జనం పోగయ్యే చోట ముందే టీకాలు వేస్తున్నారని తెలిసి, ఘటం ఎత్తాల్సిన మనిషి ఘటం పక్కన పెట్టి అక్కడికి వెళ్ళింది. నారాయణమూర్తి చొక్కా చేతులు మడిచి సూదులు సర్దుకుంటున్నాడు. వేసవికీ ఇప్పటికీ సగానికి సగం చిక్కిపోయాడు.

"ఏసంగిలో మా ఇంటికొచ్చి తల్లి ఉన్నాదా అని అడిగినావు బాబూ. ఉన్నాది. లేదని అబద్దమాడినాను. ఆ ఏళ నిజం సెప్పుంటే నా గుంట బతికుండునేటి?"

ఆయనకు అర్థం కాలేదు. "మీ ఇల్లెక్కడమ్మా?"

"సివరిల్లు. తాటాకు దడి."

"దడి మీద ఎర్ర గౌను ఆరేసి ఉంది. అదేనా?"

"అదే."

నారాయణమూర్తి చేతిలో పని ఆపేశాడు. "నేను జబ్బు గురించి అడగలేదమ్మా. మా వైపు దాన్ని తల్లి అనరు, అమ్మవారంటారు. మీ మాట నాకు తర్వాత తెలిసింది. గౌను చూసి, చిన్నపిల్ల ఉన్న ఇల్లు కదా, కన్నతల్లిని అడిగి టీకా వేద్దామనుకుని, 'పిల్ల తల్లి ఉందా ఇంట్లో' అన్నాను. తలుపు వెనక నుంచి ఎవరో తల్లి లేదు, వెళ్ళిపొమ్మన్నారు. పాపం తల్లి లేని పిల్ల కాబోలు అనుకున్నాను."

కూర్మమ్మ కన్నార్పకుండా తననే చూస్తుంటే ఆయన కంగారుపడ్డాడు. "అప్పటికే ఒంటి మీదికి పోసేసి ఉంటే టీకా పనిచెయ్యదు. నేను లోపలికి వచ్చినా ఆ పిల్లకు చెయ్యగలిగింది లేదు. ఓదార్పుకు చెప్పడం లేదమ్మా, ఉన్నదే చెబుతున్నాను. మీ మాట వల్ల ఏమీ జరగలేదు."

ఆయన నిజమే చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆమె వెతికిన జవాబు అదే, చేతిలో పెట్టాడు. తన మాట పిల్లను చంపలేదు. కూర్మమ్మకు ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది. ఆ వెంటనే మిగతాది తెలిసొచ్చింది.

ఆయన అడిగింది తనను. తను లేదన్నది తనను. గదిలో పడుకుని ఉన్న పిల్లకు ఏ దేవత సంగతి తెలుసు? దానికి తెలిసిన తల్లి ఒక్కతే. ఆ ఒక్కతీ తలుపు దగ్గర నిలబడి, ఈ ఇంట తల్లి లేదని అంటుంటే విన్నది. విని, భయపడి, అమ్మ లేదేటి అని అడిగింది. అడిగితే అమ్మ దండం పెట్టింది. పేరు పెట్టి పిలవకుండా, ఎవరో పరాయిదాన్ని బతిమాలినట్టు, ఎల్లిపో తల్లీ ఎల్లిపో అంది. బతికున్నన్నాళ్ళూ చెప్పిన మాట విననిది, ఆ ఒక్క మాటా విన్నది.

ఆమె గుడి వైపు పరిగెత్తింది. డప్పులు మోగుతున్నాయి, జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడవాళ్ళు చెంపలు వేసుకుంటూ "సల్లగా సూడు తల్లీ" అని దండాలు పెడుతున్నారు గానీ, దేవత ముఖం చూసినవాళ్ళు చూపు తిప్పుకుంటున్నారు. ఎప్పటిలా కోరచూపు కాదది. కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి. పెదాలు విడి ఉన్నాయి. ఊరంతటినీ కాపాడవలసిన తల్లి, ఆ గుంపులో తన తల్లి కోసం వెతుక్కుంటున్నట్టుగా ఉంది. జగన్నాధం గోడకు ఆనుకుని, తాను చేసిన పనికి తానే జడిసినవాడిలా నిలబడ్డాడు.

కూర్మమ్మ జనాన్ని తోసుకుంటూ గద్దె ఎక్కేసింది. విగ్రహం బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఉన్నానే నీలీ. అమ్మ ఉన్నాది. ఇక్కడే ఉన్నాదే, ఎక్కడికీ ఎల్లలేదే!"

"ఆయమ్మని పేరెట్టి పిలుస్తావేటే! దిగు!" అని దాలయ్య అరిచి, ఆమె జబ్బ పట్టుకున్నాడు. లాగబోతూ తలెత్తి ఆ ముఖంలోకి చూశాడు. చూసి, ఆమె జబ్బ వదిలేసి, అక్కడే కూలబడి, మనవడి పేరు పెట్టి ఏడవడం మొదలెట్టాడు. డప్పులవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక ఆపేశారు.

మర్నాడు మధ్యాహ్నం కూర్మమ్మ అంబలి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ భయపడిన వేళ కోసం ఇప్పుడు కాచుకుంది. ఎండ చూరు కిందికి వచ్చింది, పోయింది. గదిలోంచి ఏ మాటా రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. సల్లారింది అన్నాడు దాలయ్య. పోనీలే, మనసు కుదుటపడింది అన్నాడు ఎర్రన్న.

ఇంకో నాడు ఆమె గిన్నె వదిలేసి గదిలోకి వెళ్ళి, వేపాకులు పరిచిన చోట నేల మీద పడుకుంది. ఇన్నాళ్ళూ జవాబు లేదు గానీ, పిలుపైనా ఉండేది. ఇప్పుడు చెప్పడానికి జవాబు ఉంది, అడిగేవాళ్ళు లేరు.

"నీలీ, అడగవే" అంది. "ఇంకొక్కసారి అడుగు."

చాలాసేపు విన్నది. బయట ఎర్రన్న ఎద్దులను కట్టేస్తున్న చప్పుడు తప్ప ఆమెకు ఇంకేమీ వినపడలేదు.