చూడగలిగీ చూడనిది

ముందే చెబుతున్నాను, నాకు ముక్కు మీద కోపం. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆసుపత్రి రికార్డు గదిలో కౌంటరు వెనక కూర్చున్నవాడికి అది రాకపోతేనే వింత. అక్కడ నాదొక పద్ధతి ఉండేది. నోటితో చెప్పిన నంబరుకు ఫైలు తీసేవాణ్ణి కాదు. కార్డు నా చేతికివ్వాలి, దాని మీది ఫొటోనూ ఎదుటి మొహాన్నీ నేను చూడాలి, నంబరు నేనే చదువుకోవాలి. పెద్ద డాక్టరుగారి బావమరిదిని కూడా కార్డు లేదని తిప్పి పంపాను. ఆ నెలంతా డాక్టరుగారు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకేం పోయింది!

ఇప్పుడా గది లేదు. ఎవరి పరీక్షల రిపోర్టులు వాళ్లు ఇంట్లో కూర్చునే చూసుకునే వెబ్‌సైటు వస్తోంది. దాన్ని తయారుచేసింది మా అమ్మాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారేమో, అనండి. మొన్నమొన్నటి రిపోర్టులతో సహా రికార్డులన్నీ ఎక్కించేశారు, సోమవారం పదింటికి ప్రారంభం. ముందుగా వాడి చూడమని నాకూ మా ఆవిడకూ లాగిన్‌లు ఇచ్చారు. వేరే ఊళ్లో ఉండే అమ్మాయి ఆదివారం మా ఇంటికొచ్చి, భోజనాలయ్యాక లాప్‌టాప్ నా ముందు పెట్టి, "నాన్నా, నువ్వే వాడి చూడు. ఎక్కడ తికమకగా ఉంటే అక్కడ చెప్పు," అని కాఫీ కలపడానికి వెళ్లింది.

లాగిన్ అయ్యాను. నా షుగరు సంగతి వచ్చింది. అది తెలిసిందే. తెర పైన వెబ్‌సైటు అడ్రసు చివర నా రికార్డు నంబరు కనిపించింది, ఆఖరి అంకె ఆరు. మా ఆవిడా నేనూ ఒకే రోజు, ఒకే వరుసలో నిలబడి కార్డులు తీసుకున్నాం. ఆవిడది ఏడు.

పది రోజుల కిందట ఆవిడ ఏదో పరీక్ష చేయించుకుంది. డాక్టర్లు ఏమన్నారని అడిగితే, "ఏమంటారు!" అని మాట దాటేసింది. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఆరు చెరిపి ఏడు కొట్టాను. మా ఆవిడ పేరుతో పేజీ తెరుచుకుంది.

అప్పుడే వచ్చిన అమ్మాయి గబుక్కున తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చదివావా?"

"పేరు చదివాను, అంతే."

"నీ లాగిన్‌తో అమ్మ రిపోర్టు ఎలా తీశావు?"

"ఏడు కొట్టాను."

నన్ను పక్కకు జరిపి కుర్చీ లాక్కుంది. కోడు తెరిచి ఒక చోట వేలు పెట్టింది. "ఇదే కంట్రోలరు నాన్నా. ఎవరికి ఏ కాగితం ఇవ్వాలో తేల్చేది ఇదే. లోపలికి వచ్చిందెవరో దానికి తెలుసు. అయినా ఆ మనిషిని పట్టించుకోకుండా, అడ్రసులో ఏ నంబరు ఉంటే ఆ రిపోర్టు ఇచ్చేస్తోంది. నేనే అలా రాశాను."

"నోటిమాటకు ఫైలు ఇచ్చేస్తోందన్నమాట! నా కూతురివై ఉండి..."

"తర్వాత తిడుదువుగాని. ముందు ఫోను చెయ్యాలి."

వాళ్ల మేనేజరు గొంతు నాకూ వినిపిస్తోంది. "రేపు ప్రారంభం పెట్టుకుని ఇప్పుడా? అంకెలు మార్చి చూసేదెవరమ్మా?"

"మా నాన్న చూశారు సార్."

"సరే, వచ్చే వారం సరిచేద్దువులే. రేపు మాత్రం తెరిచేద్దాం."

"తప్పు నాదే సార్, అందరి ముందూ ఒప్పుకుంటాను. కానీ ఇది సరికాకుండా తెరవను. ఉద్యోగం తీసేస్తే తీసేయండి."

నా తిట్లు నేనే మింగేశాను. బావమరిదిని వెనక్కి పంపినప్పుడు నాది పర్మినెంటు ఉద్యోగం. ఇది చేరి పది నెలలు కాలేదు. నా ధైర్యం దీని ధైర్యం ముందు ఏపాటిది!

చివరికి ఆయన సాయంత్రం ఆరు దాకా గడువిచ్చాడు. రిపోర్టుల పేజీకి ఒక్క వాక్యమే సరిపోయింది. అడ్రసును నమ్మకుండా, లాగిన్ అయిన మనిషి నంబరే తీసుకోమని రాసింది. అదే తప్పు మందుల చీటీల దగ్గరా, ఎక్స్‌రేల దగ్గరా, ఇంకో మూడు చోట్లా దొరికింది. అమ్మాయి సరిచేస్తుంటే నేను అంకెలు మార్చి చూస్తూ కూర్చున్నాను. అయిదున్నరకు ఏడు కొడితే నా షుగరు, ఎనిమిది కొడితే నా షుగరు. అంత సంతోషం ఈ మధ్య ఎరగను.

అయినా ఉండబట్టలేక గొంతు తగ్గించాను. "తయారుచేసినదానివి, నీకెలాగూ కనిపిస్తుంది కదా. మీ అమ్మకు ఏమొచ్చిందో ఒక్క ముక్క చెప్పు."

"నేను చూడలేదు నాన్నా. అది అమ్మది. అమ్మనే అడుగు."

మా ఆవిడ వసారాలో బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చుని నా దొంగతనం ఒప్పుకున్నాను. పడీపడీ నవ్వింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీ అమ్మాయి పట్టేసిందన్నమాట!" అని ఫోను తీసి, తనే లాగిన్ అయి నా చేతిలో పెట్టింది. "చదవండి. రొమ్ములో చిన్న గడ్డ. ప్రమాదం లేదుట, ఆరు నెలలకోసారి చూపించుకోవాలిట. మీరు కంగారుపడి ఇల్లు పీకి పందిరి వేస్తారని చెప్పలేదు."

నేను అరవలేదు. రెండుసార్లు చదివాను. "అమ్మాయికైనా చెప్పలేదా?"

"దానికి చెబితే మీకు చెప్పినట్టే కదా. పాపం, పది రోజులుగా రోజూ ఫోను చేసి అడుగుతోంది, 'ఏమొచ్చిందమ్మా' అని. నిన్నయితే ఏడ్చేసింది."

ఈ పది రోజులూ ఆ రిపోర్టు దాని చేతి కిందే ఉంది.

ఫోను పట్టుకునే లోపలికి తిరిగి, "ఇలా రా తల్లీ, మీ అమ్మ చూపిస్తోంది," అని కేకేశాను.